చార్టర్ సీటా, ఏటీఆర్ సీటా? పైలట్ కొలువులపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో పైలట్ ఉద్యోగాల మీద ప్రశ్నలు పంపమన్నాం. చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట దగ్గర ఆగాయి: విమానాన్ని మొత్తంగా అద్దెకిచ్చే చార్టర్ కంపెనీలో చేరాలా, ఏటీఆర్ లాంటి టర్బోప్రాప్ (ప్రొపెల్లర్) విమానాలు నడిపే ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లో చేరాలా? కొన్నిటిని కుదించి, జవాబులతో ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 23 ఏళ్ళు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు), మల్టీ ఇంజన్ ఐఆర్ (పరికరాల ఆధారంగా విమానం నడిపే అర్హత) చేతికొచ్చి ఏడు నెలలైంది. లాగ్‌బుక్‌లో 210 గంటలున్నాయి. ఒకే ఒక్క కింగ్ ఎయిర్ బి200 ఉన్న చార్టర్ కంపెనీ కో-పైలట్‌గా వెంటనే రమ్మంటోంది. ఏటీఆర్‌లు నడిపే ఎయిర్‌లైన్‌కు రాతపరీక్ష రాశాను, పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంట్లో వాళ్ళు ‘చేతికొచ్చింది వదలొద్దు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– పలమనేరు పాఠకుడు

జవాబు: జీతం సంగతి తర్వాత. ముందు గంటల లెక్క చూద్దాం. పెద్ద విమానంలో కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్, అంటే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు ఉండాలి, దానికి 1500 గంటలు కావాలి. మీకున్నవి పోగా ఇంకా 1290. ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లో కుదురుకున్న కో-పైలట్‌కు నెలకు 70 గంటలు మామూలే. ఆ లెక్కన 18, 19 నెలలు. టైప్ రేటింగ్‌కూ (ఆ రకం విమానం నడిపే అర్హత) లైన్ ట్రైనింగ్‌కూ (ప్రయాణికులతో నడుపుతూ పొందే శిక్షణ) పోయే నెలలు కలుపుకున్నా రెండేళ్ళు, మరికాస్త. ఒకే విమానమున్న చార్టర్‌లో నెలకు 25 గంటలు దక్కితే బాగా దక్కినట్టు. అప్పుడు ఇదే 1290కి నాలుగేళ్ళ నాలుగు నెలలు పడుతుంది.

చాలామంది కళ్ళుగప్పి పోయే మెలిక ఇంకొకటుంది. బి200 ఒక్క పైలట్ నడపడానికి సర్టిఫై అయిన విమానం. చార్టర్‌లో ఇద్దరిని కూర్చోబెడతారు, అది వేరే సంగతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లైసెన్సు ప్రమాణాల్లో, అంటే అనెక్స్ 1లో, ఇలాంటి విమానంలో కో-పైలట్‌గా ఎగిరిన గంటల్లో పై లైసెన్సుకు సగం మించి లెక్కించకూడదని ఉంది. కో-పైలట్‌కు కావలసిన పరికరాలన్నీ ఉండి, మల్టీ-క్రూ పద్ధతిలో నడుపుతుంటే పూర్తిగా లెక్కించే వీలును ఆయా దేశాల అధికారులకు వదిలారు. ఏటీఆర్ 72 ఇద్దరు పైలట్ల విమానంగానే పుట్టింది కనుక అక్కడ ఈ పేచీ రాదు. మీకు ఆఫర్ ఇచ్చిన చీఫ్ పైలట్‌ను మొహమాటం లేకుండా అడగండి: ‘ఇక్కడ నా గంటలు ఏటీపీఎల్‌కు మొత్తం లెక్కకొస్తాయా? మీ దగ్గర కో-పైలట్‌గా చేరి, ఈ గంటలతోనే ఏటీపీఎల్ తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?’ రెండో ప్రశ్నకు ఒక్క మనిషినైనా చూపలేకపోతే మీ 25ను పన్నెండున్నరగా రాసుకోండి. అప్పుడది ఎనిమిదిన్నరేళ్ళ ప్రయాణం.

రాత్రి గంటలూ ఉన్నాయి. అదే ప్రమాణం ఏటీపీఎల్‌కు 100 గంటల రాత్రి ప్రయాణం అడుగుతుంది. చార్టర్లు వెళ్ళే చిన్న ఎయిర్‌పోర్టులు చాలావరకు చీకటి పడితే మూసేస్తారు. మొత్తం 1500 నిండాక రాత్రి గంటలు 60 దగ్గర నిలబడిపోయి, ఆ మిగతా 40 కోసం ఎదురుచూడటం చార్టర్ పైలట్లకు తెలిసిన అవస్థే.

చార్టర్ వైపు బలమూ ఉంది, దాన్ని దాచకూడదు. బి200 గరిష్ఠ టేకాఫ్ బరువు 12,500 పౌండ్లు, అంటే 5,670 కిలోలు. మన దేశంలో 5,700 కిలోలు మించని విమానానికి సీపీఎల్ ఉన్నవాళ్ళు కూడా కెప్టెన్‌గా ఉండొచ్చు. ఏటీఆర్ 72-600 బరువు 23,000 కిలోలు, అక్కడ ఏటీపీఎల్ లేకుండా ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు లేదు. కాబట్టి కాగితం మీద చూస్తే చార్టర్‌లో కమాండ్ ముందే రావచ్చు. ఆచరణలో ఆ తేదీని విమానం ఇన్సూరెన్స్ కంపెనీ నిర్ణయిస్తుంది. కెప్టెన్‌కు మొత్తం ఎన్ని గంటలుండాలి, అందులో అదే విమానం మీద ఎన్ని ఉండాలి అన్నది పాలసీలో రాసి ఉంటుంది. ఆ పేజీ చూపించమనండి.

ఇక విమానం సంగతి. గత 12 నెలల్లో అది ఎన్ని గంటలు ఎగిరిందో టెక్ లాగ్‌లో, అంటే విమానం రికార్డు పుస్తకంలో ఉంటుంది. మాటతో సరిపెట్టుకోకుండా పుస్తకం చూడండి. 480 గంటలు ఎగిరి, కో-పైలట్లు ఇద్దరున్నారంటే మీ వాటా ఏడాదికి 240. పెద్ద మెయింటెనెన్స్ చెక్ ఎప్పుడో కూడా అడగండి. విమానం హ్యాంగర్‌లోకి వెళ్ళి విడిభాగం కోసం రెండు మూడు నెలలు నిలిచిపోతే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు అన్న నిబంధన జారిపోతుంది. అదే సమయంలో ఆరు నెలలకోసారి వచ్చే ప్రొఫిషియెన్సీ చెక్ గడువూ ముగిస్తే, విమానం బయటికొచ్చిన రోజున దాన్ని నడపడానికి మీరు పనికిరారు.

మా మాట ఇది. ఏటీఆర్ పిలుపు చేతిలో ఉంటే అటే వెళ్ళండి. అది లేనప్పుడు మీ చేతిలోని ఐఆర్‌ను గుర్తుపెట్టుకోవాలి. దాని గడువు ఏడాది, అందులో ఏడు నెలలు ఇప్పటికే ఇంట్లో కరిగిపోయాయి. అయిదు నెలలు పోతే సొంత డబ్బుతో మళ్ళీ మల్టీ ఇంజన్ విమానం ఎక్కాలి, దాని గంట ఖర్చు మీకు తెలిసిందే. గంటలు పూర్తిగా లెక్కకొస్తాయని తేలి, బాండ్ (ఇన్నాళ్ళు మానేయనన్న ఒప్పందం) ఏడాది, ఏడాదిన్నర మించకపోతే చార్టర్‌లో చేరి, ఎయిర్‌లైన్ పరీక్షలు రాస్తూనే ఉండండి. మూడేళ్ళ బాండ్ అడిగితే మాత్రం వద్దు.

ప్రశ్న: రేణిగుంట ఎయిర్‌పోర్టులో పొద్దున్నే చిన్న జెట్ దిగుతుంది, సాయంత్రం దాకా ఎండలో నిలబడే ఉంటుంది. ఆ పైలట్లు పగలంతా ఏం చేస్తారు? ఆ ఉద్యోగాలకు ప్రకటన ఎక్కడా కనబడదు, ఎలా తీసుకుంటారు?
– రేణిగుంట పాఠకుడు

జవాబు: అది దర్శనం చార్టర్. చార్టర్ పని గుట్టంతా ఆ ఒక్క రోజులో కనబడుతుంది.

ఎయిర్‌లైన్‌లో డిస్పాచ్, లోడ్ షీట్, ఇంధనం, సామాను, ప్రయాణికులు, ఒక్కోదానికి ఒక్కో విభాగం ఉంటుంది. చార్టర్‌లో ఇవన్నీ ఇద్దరు పైలట్ల నెత్తినే. ముందు రోజే పార్కింగ్ అనుమతి, హ్యాండ్లింగ్ ఏజెంటు, తిరుగు ప్రయాణం ఆలస్యమైతే ఎయిర్‌పోర్టు పనివేళలు పొడిగిస్తారా అన్న విచారణ. పొద్దున్నే వాతావరణం, నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే హెచ్చరికలు), ఫ్లైట్ ప్లాన్, ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు. దిగాక వీల్ చాక్స్, పిటాట్ (వేగం కొలిచే గొట్టం) కవర్లు, ఇంజన్ కవర్లు, కంట్రోల్ లాక్. సాయంత్రం హడావుడిలో ఆ కవర్లలో ఒకటి విప్పడం మరిస్తే టేకాఫ్ పరుగులో స్పీడ్ ముల్లు కదలదు. అందుకే విప్పినవన్నీ ఒకచోట పెట్టి లెక్కబెట్టుకునేవాళ్ళే ఈ పనిలో నిలుస్తారు.

తిరుగు ప్రయాణంలో అసలు పరీక్ష బరువు. ఉదాహరణకు ఒక బి200 ఇద్దరు పైలట్లతో సహా 3,950 కిలోలు అనుకోండి. గరిష్ఠ బరువు 5,670 కనుక మిగిలేది 1,720. ట్యాంకులు నిండా నింపితే ఇంధనమే సుమారు 1,650 కిలోలు, ఇక మిగిలేది 70 కిలోలే, ఒక్క మనిషికీ బొటాబొటి. 1,000 కిలోల ఇంధనంతో బయల్దేరితే 720 మిగులుతుంది. 75 కిలోల చొప్పున ఎనిమిది మందికి 600 పోగా సామానుకు 120. పొద్దున వచ్చేటప్పుడు చేతిసంచులే. సాయంత్రం ఒక్కొక్కరూ పాతిక లడ్డూలు పట్టుకొస్తారు. లడ్డూ 175 గ్రాములు, మొత్తం 200 లడ్డూలు, అంటే 35 కిలోలు. పట్టుచీరల పెట్టెలూ ఇత్తడి సామానూ దీనికి అదనం. అదంతా క్యాబిన్ వెనక భాగంలోకే వెళ్తుంది, గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది. ప్రసాదం దించమని ఎవరూ అనలేరు కాబట్టి తెలిసిన పైలట్ పొద్దున్నే దానికి జాగా పెట్టుకుని ఇంధనం లెక్క వేస్తాడు.

ఇక కాలం. పొద్దున 5కి రిపోర్ట్ చేశారు, 7కి రేణిగుంటలో దిగారు. అలిపిరి తనిఖీ, ఘాట్ రోడ్డు, దర్శనం, మళ్ళీ కిందికి. మధ్యాహ్నం 1కి వస్తామన్నవాళ్ళు 5కి వస్తారు. ఎదురుచూపు కూడా డ్యూటీ కాలమే. రిపోర్ట్ చేసినప్పటి నుంచి ఆఖరి ఇంజన్ ఆపేదాకా గడియారం తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో హోటల్ గదిలాంటి సరైన చోట నిబంధనల ప్రకారం విశ్రాంతి ఇస్తేనే కొంత పొడిగింపు దొరుకుతుంది. లాంజ్‌లో కుర్చీలో కూర్చోబెట్టి ‘రెస్ట్ ఇచ్చాం’ అని రాసుకునే కంపెనీలున్నాయి. ఇంటర్వ్యూలో ఈ సంగతి అడిగితే ఆ కంపెనీ ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

తీసుకునే పద్ధతికొస్తే, పది మంది పైలట్లున్న కంపెనీ పేపర్లో ప్రకటన ఇవ్వదు. ఒకరు మానేస్తే డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్ తనకు తెలిసిన నలుగురికి ఫోన్ చేస్తాడు. మీ పేరు ఆ నలుగురిలో ఒకరి నోట రావాలి. నాన్-షెడ్యూల్డ్ పర్మిట్ (చార్టర్ అనుమతి) ఉన్న కంపెనీల జాబితా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో ఏ కంపెనీ దగ్గర ఏ విమానాలున్నాయో చూసి, బేగంపేట, చెన్నై, బెంగళూరు హెచ్‌ఏఎల్ వైపు ఉన్నవాటికి స్వయంగా వెళ్ళండి. మీకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ నుంచి ఒక ఫోన్ చేయిస్తే పది ఈమెయిళ్ళ పని అవుతుంది.

బయోడేటా ఒక్క పేజీ చాలు. మొత్తం గంటలు, కెప్టెన్‌గా ఎన్ని, మల్టీ ఇంజన్ ఎన్ని, రాత్రి ఎన్ని, ఐఆర్ చివరి చెక్ తేదీ, క్లాస్ 1 మెడికల్ గడువు, ఆర్‌టీఆర్ (విమాన రేడియో వాడే లైసెన్సు), ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ లెవెల్, పాస్‌పోర్టు గడువు, ఎప్పుడు చేరగలరు. సిమ్యులేటర్ గంటలను మొత్తంలో కలిపేయకండి, అనుభవమున్న చీఫ్ పైలట్ మొదట కూడి చూసేది ఆ గడినే. లేని గంటలు రాసుకోవడం గురించి చెప్పనే అక్కర్లేదు. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో ఏటీపీఎల్ తెచ్చుకున్నవాళ్ళు అరెస్టయిన తర్వాత తనిఖీలు బాగా బిగిశాయి.

ప్రశ్న: మావాడు అమెరికాలో ఏవియేషన్ డిగ్రీ చేస్తున్నాడు, ఎఫ్-1 (విద్యార్థి) వీసా. అక్కడ రీజనల్ ఎయిర్‌లైన్లు కుర్రవాళ్ళను వెంటనే తీసుకుంటాయని చెబుతున్నాడు. కోటి దాకా అప్పు చేశాం. నమ్మొచ్చా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది అక్కడి పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ వర్తిస్తుంది. తనకు వర్తించే భాగం వేరు.

అమెరికాలో ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు కూడా ఏటీపీ సర్టిఫికెట్ (మన ఏటీపీఎల్ లాంటిది) ఉండాలి, అంటే 1500 గంటలు. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ 3407 కూలి 50 మంది చనిపోయాక 2010లో చట్టం, 2013లో నిబంధన వచ్చాయి. ఆ విమానంలోని ఇద్దరు పైలట్లకూ 1500 గంటలు దాటే ఉన్నాయన్నది వేరే చర్చ. గుర్తింపున్న కాలేజీలో ఏవియేషన్ బ్యాచిలర్ డిగ్రీ చేసినవాళ్ళకు 1000 గంటలకే పరిమిత ఏటీపీ ఇస్తారు, 21 ఏళ్ళు నిండాలి. చార్టర్‌కు, అక్కడి భాషలో పార్ట్ 135కు, కమర్షియల్ లైసెన్సు, ఐఆర్‌తోనే కో-పైలట్‌గా చేరొచ్చు. ఐఎఫ్‌ఆర్‌లో (పరికరాల ఆధారంగా ఎగిరేటప్పుడు) కెప్టెన్‌కు 1200 గంటలు కావాలి. కంపెనీలు తమ మనుషులకోసం సొంతంగా నడుపుకునే విమానాలది పార్ట్ 91, అక్కడ గంటల నిబంధనలు తేలికే కానీ ఇన్సూరెన్స్ వాళ్ళు గట్టిగా ఉంటారు.

ఇప్పుడు వీసా లెక్క వేయండి. డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో అక్కడే పనిచేసే అనుమతి, మామూలుగా 12 నెలలు. ఆ ఏడాది ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా నెలకు 60 గంటలు ఎగిరినా 720. చేతిలో 300 ఉంటే 1020 అవుతుంది. పరిమిత ఏటీపీకి అర్హత వచ్చే సమయానికే పనిచేసే అనుమతి అయిపోతుంది. రీజనల్ ఎయిర్‌లైన్ల దరఖాస్తులో స్పాన్సర్‌షిప్ లేకుండా అమెరికాలో పనిచేసే హక్కు ఉందా అన్న గడి ఉంటుంది. అక్కడ ‘లేదు’ అని రాస్తే కథ అక్కడికే ముగుస్తుంది. చార్టర్ కంపెనీలు కూడా 300 గంటల కుర్రాడికోసం వీసా కాగితాల జోలికి పోవు.

అందుకని డబ్బు వృథా అయినట్టు కాదు. ఓపీటీ ఏడాది గంటలు పోగుచేసుకోవడానికి మంచి కాలం. 1000 గంటలతో ఇండియాకు వచ్చినవాడూ 200తో వచ్చినవాడూ చీఫ్ పైలట్ ముందు ఒకటి కారు. తిరిగొచ్చే ఏర్పాటు మాత్రం అక్కడుండగానే మొదలవ్వాలి. ఇక్కడి క్లాస్ 1 మెడికల్‌ను సెలవుల్లో వచ్చినప్పుడే చేయించుకోవాలి. డీజీసీఏ కంప్యూటర్ నంబరు (పరీక్షలకు ఇచ్చేది) తీసుకుని, ఎయిర్ రెగ్యులేషన్స్ పేపరూ, నావిగేషన్-మెటియరాలజీ కలిపిన కాంపోజిట్ పేపరూ రాయాలి, పాస్ మార్కు 70 శాతం. ఆర్‌టీఆర్ వేరే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నుంచి లైసెన్సు ధ్రువీకరణ తెప్పించాలి, దానికి వారాలు పడతాయి. చివరి ఆరు నెలల్లో ఎగిరిన గంటలు, చెక్‌లు చూస్తారు కాబట్టి పరీక్షలు రాయకుండా వచ్చి ఇక్కడ ఏడాది చదువుకుంటే ఆ గడువు దాటిపోయి మళ్ళీ డబ్బు కట్టి ఎగరాల్సి వస్తుంది. లైసెన్సు మార్పిడిలో ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఇక్కడే.

ప్రశ్న: చార్టర్ కంపెనీ టైప్ రేటింగ్ ఖర్చు తానే పెట్టుకుంటుందట. బదులుగా 15 లక్షలకు బాండ్, మూడు సంతకం చేసిన ఖాళీ చెక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?
– తిరుపతి పాఠకురాలు

జవాబు: బాండ్ అడగటం తప్పు కాదు. బిజినెస్ జెట్లకు సిమ్యులేటర్ చాలావరకు విదేశాల్లోనే ఉంటుంది, కంపెనీ నిజంగానే లక్షలు ఖర్చుపెడుతుంది. కానీ ఒరిజినల్స్ ఇవ్వకండి. డీజీసీఏ పనికి, వేరే ఇంటర్వ్యూకు, బ్యాంకు లోనుకు అన్నిటికీ అవే కావాలి. మీ లైసెన్సు, లాగ్‌బుక్ ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. ఖాళీ చెక్కు ఇంకా ప్రమాదం. అంకె వాళ్ళు రాసుకుని బ్యాంకులో వేసి, అది తిరిగొస్తే మీ మీద చెక్కు బౌన్స్ కేసు నడుస్తుంది. బాండ్ గొడవ డబ్బు దావా, ఇది క్రిమినల్ కేసు. చెక్కు ఇవ్వక తప్పదంటే అంకె, తేదీ, ‘ఫలానా ఒప్పందానికి హామీగా’ అన్న మాట రాసి, నంబర్లను ఒప్పందంలో ఎక్కించండి.

బాండ్‌లో మొత్తం నెలనెలా తగ్గాలి. 15 లక్షలు 30 నెలలకైతే నెలకు 50 వేలు తగ్గాలి, ఏడాది పనిచేసి మానేస్తే 9 లక్షలు. ‘ఎప్పుడు మానినా 15 లక్షలు’ అని ఉంటే సంతకం పెట్టొద్దు. కాలం ఏ రోజు నుంచి లెక్కిస్తారో రాయించండి. చేరిన రోజా, రేటింగ్ లైసెన్సు మీదికెక్కిన రోజా, లైన్‌లోకి వదిలిన రోజా? ఈ మూడింటి మధ్య ఆరు నెలల తేడా రావచ్చు. విమానం అమ్మేసినా, పర్మిట్ పోయినా, వరసగా రెండు నెలలు జీతం ఆగినా బాండ్ రద్దు అన్న వాక్యం కావాలి. ఇది పెట్టనని ఎవరన్నా అంటే వాళ్ళకు ఆ భయం ఉన్నట్టే.

బాండ్‌లు చెల్లవులే అని ధైర్యం చెప్పేవాళ్ళ మాట వినకండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారం ఇప్పిస్తుంది. 2025 మేలో ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న బాండ్‌ను సమర్థించింది.

ప్రశ్న: సొంత డబ్బుతో బిజినెస్ జెట్ టైప్ రేటింగ్ చేసేస్తే ఉద్యోగం త్వరగా వస్తుందా?
– శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: రాదు. దేశంలో అయిదారు మాత్రమే ఉన్న విమానం మీద 250 గంటల రేటింగ్ హోల్డరును ఎవరూ కూర్చోబెట్టరు. లైసెన్సు మీద ఎక్కినా ఆరు నెలల్లో ప్రొఫిషియెన్సీ చెక్ మురిగిపోతుంది, మళ్ళీ సిమ్యులేటర్ ఖర్చు. రాతపూర్వకమైన ఆఫర్ చేతిలో ఉంటే తప్ప పైసా పెట్టొద్దు.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ చదువుతున్నాను, కళ్ళద్దాలున్నాయి. పైలట్ కాగలనా?
– పీలేరు విద్యార్థిని

జవాబు: మ్యాథ్స్‌ను ఓపెన్ స్కూల్లో రాసి ఇంటర్ స్థాయిలో పాసవ్వాలి, ఫిజిక్స్ మీకు ఉండనే ఉంది. అద్దాలతో చూపు సరిపోతే అడ్డులేదు, విమానంలో స్పేర్ జత వెంట ఉంచుకోవాలి. రంగుల గుర్తింపులో లోపముంటే మాత్రం ముందే తెలియాలి. ఫ్లయింగ్ స్కూలుకు ఫీజు కట్టకముందే క్లాస్ 2 మెడికల్, వీలైతే క్లాస్ 1 కూడా చేయించుకోండి. పొలం అమ్మి ఫీజు కట్టాక మెడికల్‌లో ఆగిపోయిన కుటుంబాలున్నాయి.

ప్రశ్న: ఏటీఆర్ కెప్టెన్‌ని, 46 ఏళ్ళు, 6,500 గంటలు. మా రూటుకు ఉడాన్ సాయం ముగియబోతోంది. కార్పొరేట్ వైపు మారొచ్చా?
– చంద్రగిరి పాఠకుడు

జవాబు: మీ ఆందోళన ఉత్త భయం కాదు. ప్రాంతీయ విమాన పథకం ఉడాన్ కింద నష్టం పూడ్చే సాయం (వయబిలిటీ గ్యాప్ ఫండింగ్) మూడేళ్ళే. ఆ తర్వాత సొంత కాళ్ళ మీద నిలవని రూట్లు రద్దవుతాయి. 2015 జూలైలో హైదరాబాద్-తిరుపతి సర్వీసుతోనే మొదలైన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోవడం ఈ ఊరివాళ్ళకు తెలుసు. కొత్తగా చేరేవాళ్ళు కూడా ప్రాంతీయ ఎయిర్‌లైన్ అనగానే ప్రభుత్వ కొలువు అనుకోకూడదు.

6,500 గంటల టర్బోప్రాప్ కెప్టెన్ కింగ్ ఎయిర్, పీసీ-12 లాంటి చిన్న టర్బోప్రాప్‌లు నడిపే కంపెనీలకు బంగారం. పెద్ద కార్పొరేట్ జెట్‌కు మాత్రం జెట్ అనుభవం అడుగుతారు, కొంతకాలం కుడి సీట్లో కూర్చోవడానికి ఒప్పుకోవాలి. ఎయిర్‌లైన్ కెప్టెన్‌కు డీజీసీఏ పెట్టిన నోటీసు కాలం ఏడాది కనుక కొత్త యజమాని అంతవరకూ ఆగుతాడా అన్నది మొదట తేల్చుకోండి. జీతం పద్ధతీ మారుతుంది. ఎయిర్‌లైన్‌లో గంటలు పెరిగితే చేతికొచ్చేది పెరుగుతుంది, కార్పొరేట్‌లో నెలకు ఎనిమిది గంటలు ఎగిరినా ఎనభై ఎగిరినా దాదాపు అదే. ఎయిర్‌లైన్ పైలట్లకు 2025 జూలై నుంచి వారానికి ఏకబిగిన 48 గంటల విశ్రాంతి వచ్చింది, రోస్టరు ముందే చేతిలో ఉంటుంది. కార్పొరేట్‌లో నెలలో సగం రోజులు ఇంట్లోనే ఉంటారు, కానీ ఏ సగమో ఎవరూ చెప్పరు. బడికెళ్ళే పిల్లలుంటే ఇంట్లోవాళ్ళతో ఈ ఒక్క సంగతీ తప్పకుండా మాట్లాడండి.

ప్రశ్న: చార్టర్‌లో యజమానో వీఐపీయో ‘వాన పడినా పోదాం పద’ అంటే పైలట్ కాదనగలడా?
– పుంగనూరు పాఠకుడు

జవాబు: చట్టం ప్రకారం ఆఖరి మాట కెప్టెన్‌దే. కానీ ఎయిర్‌లైన్‌లో ప్రయాణికుడు పైలట్ మొహం చూడడు, చార్టర్‌లో భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు. 2009 సెప్టెంబరు 2న చిత్తూరు జిల్లా పర్యటనకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో చెడు వాతావరణంలో కూలి అయిదుగురు చనిపోయారు. వీఐపీ ప్రయాణం, వాతావరణం అన్న మాటలు కలిసి వినబడితే ఈ జిల్లాలో ఎవరికైనా అదే గుర్తొస్తుంది.

దీనికి మందు గుండె ధైర్యం ఒక్కటే కాదు. మంచి కంపెనీలు ఆపరేషన్స్ మాన్యువల్‌లో అంకెలు రాసి పెడతాయి: దృశ్యత ఇంత తగ్గితే, మేఘం అడుగు ఇంత కిందికొస్తే బయల్దేరరు, ఆల్టర్నేట్‌కు (అనుకున్నచోట దిగలేకపోతే వెళ్ళే ఎయిర్‌పోర్టుకు) సరిపడా ఇంధనం లేకుండా టాక్సీ కూడా చేయరు. నవంబరు, డిసెంబరులో వాయుగుండం పట్టి శేషాచలం కొండలు మబ్బులో మునిగిన రోజు రేణిగుంటకు బయల్దేరేవాళ్ళు చెన్నై, బెంగళూరు, కడప వాతావరణం కూడా చూసుకోవాలి. తుఫాను వస్తే చెన్నై, తిరుపతి ఒకేసారి మూతబడతాయి కాబట్టి ఆ రోజు చెన్నైని ఆల్టర్నేట్‌గా రాసుకోవడం కాగితం నింపడమే.

ప్రయాణికుడితో మాట కూడా ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. ‘రేపు వాన ఉంది, 10 దాకా ఆగాల్సి రావచ్చు, లేదా కారులో వెళ్ళండి’ అని ఆపరేషన్స్ వాళ్ళతో చెప్పిస్తే ఎవరూ నొచ్చుకోరు. ఇంజన్ తిప్పాక కుదరదంటేనే గొడవ. ఇంటర్వ్యూ చివర్లో ‘మీకు ప్రశ్నలేమైనా ఉన్నాయా’ అంటారు కదా, అప్పుడు అడగండి: ‘గత ఏడాది వాతావరణం బాగోలేదని మీరు రద్దు చేసిన ఫ్లైట్లు ఏవి?’ ఒక్కటి కూడా లేదని గర్వంగా చెప్పే కంపెనీలో చేరకండి.